చేపలకి మేత పెట్టే వేళ

మా ఇంట్లో పిల్లల్ని వదిలి వెళ్ళడానికి ఒక పద్ధతి ఉంది. చెప్పి వెళ్తే ఏడుస్తారు కాబట్టి చెప్పకుండా వెళ్ళాలి. పిల్లకి ఏదో ఒకటి చూపించి, అది అటు తిరగ్గానే చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లిగా జారుకోవాలి. బడిలో దింపినా అంతే, ఊరెళ్ళినా అంతే. మా అమ్మ ఇందులో ఆరితేరిన మనిషి. నన్నూ మా చెల్లెల్నీ అలాగే పెంచింది. చెల్లెల్ని ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, దాని మూడేళ్ళ కూతురికి కిటికీలోంచి పిల్లిని చూపించి, "అమ్మ దుకాణానికి వెళ్ళిందిలే, వచ్చేస్తుంది" అంది. ఆ పిల్ల చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చుంది. చెల్లెలు తిరిగి రాలేదు.

ఆ పిల్లనీ, అప్పటికింకా పాలు తాగే దాని తమ్ముణ్ణీ నేనే తెచ్చుకున్నాను. నాకు పిల్లల్లేరు. ఆయన, నేను, బడి యూనిఫారాలు కుట్టే మిషను, అంతే మా ఇల్లు. ఆ రోజు నుంచి సందు చివరికి దారం కొనుక్కోవడానికి వెళ్ళినా పిల్లకి చెప్పే వెళ్ళాను. ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను. అది ఏడవలేదు, అడ్డప్రశ్నలు వేసింది. ఎంతసేపట్లో వస్తావు, వర్షం వస్తే ఏం చేస్తావు, ఆ రంగు దారం లేకపోతే ఇంకో దుకాణానికి వెళ్తావా. అందుకే దాన్ని అందరం లాయరమ్మ అంటాం. తమ్ముణ్ణి గుండు అంటాం. వాడి తలకాయ చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. వాడు నన్ను "అమ్మా" అన్నప్పుడల్లా లాయరమ్మ ఊరుకునేది కాదు, "పెద్దమ్మా అనాలిరా" అని దిద్దేది.

ఇవాళ ఆ ఇద్దర్నీ వాళ్ళ నాన్నకి అప్పజెప్పాలి.

మరిది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఉద్యోగం ఎక్కడో దూరం. అక్కడ ఇల్లు కుదిరింది, బడి కుదిరింది. "నా పిల్లలు వదినా, నా దగ్గరే ఉండాలి కదా" అన్నాడు. కాదనడానికి నాకేం నోరుంది? ఎక్కడ, ఎలా అన్న దగ్గర మాత్రం మా అమ్మ తన తెలివంతా వాడింది. అక్వేరియం వార్షికోత్సవమట, పిల్లలకి టికెట్ లేదట. అందరూ సరదాగా వెళ్ళాలి. పెద్ద తొట్టిలో చేపలకి మేత పెడుతున్నప్పుడు పిల్లలు అద్దానికి అతుక్కుపోతారు. అప్పుడు నేను జారుకోవాలి. వాళ్ళు అటునుంచి అటే కారెక్కి వెళ్ళిపోతారు.

"నేను జారుకోను. చెప్పే వస్తా" అన్నాను ఫోన్లో.

"దారంతా గుక్కపట్టి ఏడుస్తూ పోతే నీకు సంతోషమా? ఆ కొత్తమ్మాయి హడలిపోదూ?" అంది అమ్మ.

ఫోన్ పెట్టేసి మళ్ళీ మిషను తొక్కాను. ఇవాళ పొద్దున ఆయన గుండుగాడికి బూట్లు తొడుగుతూ, లేసు ముడి పడక, స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చున్నాడు. బయటికి వచ్చి కడుపునొప్పి, నేను రాను అన్నాడు. మగవాళ్ళ కడుపునొప్పుల సంగతి నాకు తెలుసు. సరే పడుకోమన్నాను.

అక్వేరియం గేటు దగ్గర నుంచే గోల. బెలూన్లు, రంగు కాగితాలు, చెవులు చిల్లులు పడేలా పాటలు. ఆక్టోపస్ వేషం వేసుకున్న మనిషొకడు తలుపులో ఇరుక్కుపోయి, ఏ చెయ్యి తనదో తెలియక తన్నుకులాడుతున్నాడు. గుండుగాడు పడీ పడీ నవ్వాడు. చుట్టూ అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత సంబరం ఇవాళే చెయ్యాలా వీళ్ళకి?

మరిది కొత్త భార్యని అసహ్యించుకుందామని లేచినప్పటి నుంచీ సిద్ధపడి వచ్చాను. ఆ మహాతల్లి నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. సంచిలో నీళ్ళసీసా, మూతి తుడవడానికి మెత్తటి గుడ్డలు, గుండుగాడు తడుపుకుంటే మార్చడానికి ఇంకో నిక్కరు తెచ్చుకుంది. ఆ నిక్కరులో వాడిలాంటివాళ్ళు ఇద్దరు పడతారు.

"మీరు కుట్టినవి వీళ్ళకి భలే సరిపోతాయక్కా. కొలతలు చెప్తారా?" అంది.

"పెరిగే పిల్లలమ్మా. ఇవాళ చెప్తే రేపటికి పనికిరావు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. కటువుగా అన్నందుకు నాకే సిగ్గేసింది.

జెల్లీచేపల గదిలో మరిది నన్ను పక్కకి పిలిచాడు. "కొన్నాళ్ళు ఫోన్ కూడా చెయ్యకండి వదినా. అలవాటు పడేదాకా."

"ఎవరు అలవాటు పడేదాకా?"

"పిల్లలే." వాడు తల దించుకున్నాడు. "నన్ను చూస్తే చిన్నోడు మీ చీర చాటున దాక్కుంటున్నాడు. నేను వాడి నాన్నని వదినా."

తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. ఇందులో తప్పు చేసినవాడెవడైనా ఉంటే ఎంత బాగుండేది! వాడి మీద పడి అరిచి, ఇంటికెళ్ళి కడుపారా ఏడ్చేదాన్ని.

లాయరమ్మ పొద్దున్నుంచీ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నక్షత్రచేప దగ్గరా వెయ్యలేదు, సముద్రపు గుర్రం దగ్గరా వెయ్యలేదు. బెలూను దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నా పక్కనే నడిచింది. చేపల మాయలో పడిందేమో అనుకున్నాను. మేత పెట్టే వేళైందని మైకులో చెప్పారు. దీనికి చెప్పకుండా వెళ్ళడం నా వల్ల కాదు. చేతులు కడుగుదాం రా అని దాన్ని కుళాయిల దగ్గరికి లాక్కెళ్ళాను.

"నీకొక మాట చెప్పాలే" అన్నాను.

"మేత పెట్టేటప్పుడు నువ్వు వెళ్ళిపోతావు" అంది అది, సబ్బు రుద్దుకుంటూ. "మేము నాన్న కారులో వెళ్తాం."

"ఎవరు చెప్పారు?"

"అమ్మమ్మ ఫోన్లో గట్టిగా మాట్లాడుతుందిగా. నువ్వు ఈ గౌను కుడుతున్నప్పుడే విన్నా."

ఆ గౌను నేను తీరిగ్గా కుట్టాను. కుచ్చులు విప్పి మళ్ళీ పెట్టాను, పని తొందరగా అయిపోకూడదని. అన్ని రోజులూ ఇది మిషను పక్కనే కూర్చుని దారాలు అందించింది.

"తమ్ముడికి చెప్పకు పెద్దమ్మా. వాడు చిన్నోడు. ఏడుస్తాడు."

"మరి నువ్వో?"

"నేనేడిస్తే వాడూ మొదలెడతాడుగా." కుళాయి కట్టేసింది. "వాణ్ణి నా ముందు నిలబెట్టుకుంటా. వెనక్కి తిరగనివ్వను. అప్పుడు నువ్వు వెళ్ళు." చేతులు గౌనుకి తుడుచుకుని, అప్పుడు అడిగింది, ఆ రోజుకి అదొక్కటే ప్రశ్న. "వాడికి వీపు మీద రాస్తేనే నిద్రొస్తుందని ఆవిడకి తెలుసా?"

"తెలీదమ్మా."

"సరే. నేను చెప్తాలే."

దాన్ని గట్టిగా పట్టుకుందామని వంగాను. అది ఒక్కడుగు వెనక్కి వేసింది. "వద్దు పెద్దమ్మా" అంది. పట్టుకుంటే ఏమవుతుందో నాకంటే దానికే బాగా తెలుసు.

పెద్ద తొట్టి ముందు జనం కిటకిటలాడుతున్నారు. దీపాలు తగ్గించారు. ఈతగాడు మేత బుట్టతో నీళ్ళలోకి దిగాడు, చేపలన్నీ వాడి మీదికి ఎగబడ్డాయి. పిల్లలంతా ఒక్కసారి కేరింతలు కొట్టారు. లాయరమ్మ తమ్ముణ్ణి అద్దానికి ఆనించి, వాడి గుండ్రటి తలని రెండు చేతులతో పట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. ఆ తల మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది. వేస్తే వాడు తిరుగుతాడు. వెయ్యలేదు. కొత్తమ్మాయి నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వెనక్కి అడుగేశాను. నేను నిలబడ్డ చోటులోకి ఎవరో పిల్లనెత్తుకుని దూరిపోయారు.

"పెద్దమ్మా, సొరచేప!" గుండుగాడు తల తిప్పబోయాడు.

లాయరమ్మ చేతులు బిగించింది. "పెద్దమ్మ వెనకే ఉందిరా, చూస్తోంది. నువ్వు అటు చూడు. అదిగో, ఇంకోటి వస్తోంది."

తొట్టిలో ఇంకోటేమీ రావడం లేదు. దాని గొంతులో వణుకు లేదు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆరేళ్ళ పిల్ల. అదిగో, అదిగో అంటూనే ఉంది. ఆ మాట వినబడుతుండగానే నేను తలుపు దాటాను.