ఒంటి చేతి స్వెట్టరు

నేను ఒక స్వెట్టరుని. పసిపిల్లల స్వెట్టరుని. లేత పసుపు ఊలు, మెడ దగ్గర గుండీలు, కుడి చెయ్యి ఒక్కటే. ఎడమ చెయ్యి ఊడిపోలేదు, అసలు అల్లనే లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఆ చెయ్యి ఏ ప్రమాదంలో పోయిందా అని చివరిదాకా ఎదురు చూస్తూ కూర్చుంటారు. మనుషులకు ప్రమాదాలంటే మహా ఆసక్తి.

ఇంకో మాట. నాకు చలి తెలియదు, నొప్పి తెలియదు. చలి కోసమే పుట్టి చలి ఎలా ఉంటుందో తెలియకపోవడం విడ్డూరమే, కానీ ఏం చేస్తాం, ఊలు అంతే. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎక్కడైనా ఏడుపు వస్తే అది మీది, నాది కాదు.

నేను పుట్టింది బెల్లంపల్లిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. అక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఊరి చుట్టూ అడవి, ఊరి కింద బొగ్గు. అంత బొగ్గు మీద కూర్చుని కూడా చలికాలం వస్తే ఆ ఊరు గజగజ వణుకుతుంది. అందుకే ఓదెలు భార్య సరోజనకు మొదటిసారి నెల తప్పినప్పుడు, చలి రోజుల్లో కాన్పు అని తెలియగానే, ఊలు గుర్తుకొచ్చింది.

ఆమెకు కుట్టడం వచ్చు. అప్పటికే మామగారి పాత పంచెలు చింపి జుబ్బాలు కుట్టి పెట్టింది. వాటికి గుండీలు లేవు, నాడాలే. కుట్లన్నీ బయటి వైపుకే ఉన్నాయి, పసివాళ్ల ఒంటికి ఒరుసుకోకుండా. అల్లడం మాత్రం రాదు. పక్క క్వార్టరులో ఉండే ఫిలోమినా టీచర్ మధ్యాహ్నం బడి నుంచి రాగానే సరోజన వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చునేది. టీచర్ చెప్పే పాఠం ఒకటే.

"సీదా, ఉల్టా. సీదా, ఉల్టా. గంతే సరోజనా. దేవుడు గూడ మనలను గట్లనే అల్లిండు."

"మరి మా అత్తను?"

"మీ అత్తను మొత్తం ఉల్టానే అల్లిండు," అని టీచర్ నవ్వేది.

ఆ అత్త పేరు ఎల్లవ్వ. జుబ్బాల మీద ఆమెకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అవి పాత గుడ్డతో కుట్టినవి. పుట్టబోయే బిడ్డకు పాతది పరవాలేదు, కొత్తది మాత్రం ముందుగా చేయకూడదని ఆ ఇంటి పద్ధతి. నేను కొత్త ఊలు. కోడలి ఒడిలో నన్ను చూడగానే ఆమె అడ్డుపడింది.

"కడుపుల ఉన్న బిడ్డకు కొత్త బట్టలు జేస్తరే ఎవలన్న? ఇంక చేతికి రానేలేదు, అప్పుడే అంగీలా?"

"అప్పుడు చలిల నేనేడ అల్లుత అత్తా? బాలింత సూది పట్టద్దని మళ్ల నువ్వే అంటవు."

ఇద్దరి మాటా నిజమే. ఎల్లవ్వ రెండు రోజులు ముభావంగా తిరిగి, చివరికి తానే ఒక దారి కనిపెట్టింది. ఒక చెయ్యి అల్లకుండా ఆపాలి. అప్పుడు నేను బట్టనే కాను, సగం పనిని. సగం పని మీద ఎవరి కన్నూ పడదు. బిడ్డ పుట్టి, పురుడు గడిచాక, ఆ చెయ్యి అల్లుకోవచ్చు. ఏ దేవుడిని మోసం చేస్తున్నారో వాళ్లకూ స్పష్టంగా తెలియదు, కానీ అత్తాకోడళ్లు ఒక మాట మీదకు రావడం ఆ ఇంట్లో అదే మొదలు. అలా నేను ఒంటి చేతితో గోడకు కొట్టిన మేకుకు వేలాడాను.

బాబు పుట్టాడు. మరునాడు పోయాడు.

ఎందుకు పోయాడో డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఎవరూ వినలేదు, వాళ్ల కారణాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. అసలు నన్ను మొదలుపెట్టడమే తప్పని ఎల్లవ్వ అనుకుంది. పూర్తి చేయకపోవడం తప్పని సరోజన అనుకుంది. "చెయ్యి లేని అంగీ చూపిస్తె ఎవలు ఉంటరు?" అని ఒక్కసారి అంది, అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను అదే మేకుకు వేలాడుతూ అందరి నేరాన్నీ మోస్తున్నాను. ఊలు తేలిక కాబట్టి నాకేం కష్టం అనిపించలేదు.

జుబ్బాలు ఎవరికో ఇచ్చేశారు. నన్ను ఎవరికీ ఇవ్వలేరు, ఒంటి చేతి స్వెట్టరు ఎవరు తీసుకుంటారు? ఒక పొద్దున ఎల్లవ్వ నన్ను మేకు నుంచి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"బాయికి వొయేటప్పుడు వాగుల ఏసి పో."

ఓదెలు సరేనన్నాడు. సరోజన గుమ్మంలోనే ఉంది. వద్దనలేదు. అతను ఆమె ముఖం చూడకుండా సైకిలెక్కాడు. సాయంత్రం తిరిగొచ్చి, వేశాను అని చెప్పాడట. ఆ రోజు నుంచి భార్యాభర్తల మధ్య మాటలు ఉప్పు, పప్పు, షిఫ్టు వరకే మిగిలాయి. బిడ్డ గుర్తుగా మిగిలిన ఒక్కదాన్నీ మారు మాట్లాడకుండా తీసుకెళ్లి నీళ్లలో పారేసిన మనిషి అతను, ఆమె లెక్కలో.

నేను వాగులో పడలేదు. అతను వాగు దగ్గర సైకిలు ఆపాడు, దిగాడు, కాసేపు నిలబడ్డాడు, మళ్లీ ఎక్కాడు. బాయి మీద బట్టలు మార్చుకునే గదిలో ప్రతి కార్మికుడికీ ఒక ఇనుప పెట్టె ఉంటుంది. నన్ను అందులో పెట్టాడు. తర్వాత ఏమనుకున్నాడో, మరునాటి నుంచి టిఫిన్ డబ్బాకు నన్ను చుట్టి లోపలికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు.

"ఏందిరా గది?" అని తోటివాళ్లు అడిగారు.

"బువ్వ సల్లారకుంట."

ఎవరూ నవ్వలేదు. భూమి లోపల ఎంత ఉక్కగా ఉంటుందో వాళ్లందరికీ తెలుసు. చెమటకు బనియన్లు పిండుకునే చోట అన్నానికి స్వెట్టరు తొడిగాడు ఓదెలు. బొగ్గు పొడి నా రంగును రోజుకు కొంచెం తినేసింది. నేను పసుపు నుంచి బూడిదకు, బూడిద నుంచి నలుపుకు వచ్చాను. పసివాడి ఒంటిమీద ఉండాల్సినదాన్ని పప్పు డబ్బా మీద ఉన్నాను. బాధపడాలేమో, నాకు ఎలా పడాలో తెలియలేదు.

అక్కడి నుంచి ఇంటి సంగతులు నాకు ఓదెలు నోటనే తెలిసేవి. అన్నం తింటూ పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పేవాడు, ఇంట్లో చెప్పలేనివన్నీ. సరోజనకు మళ్లీ నెల తప్పింది. ఈసారి ఆమె సూది పట్టలేదు, పాత పంచె కూడా చింపలేదు. కాన్పు గురించి ఎవరైనా అడిగితే, ఎవరి కాన్పో అన్నట్టు చూసేది. ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది.

ఎల్లవ్వ ఈసారి ఏ లోటూ రానివ్వదలచుకోలేదు. ముందు బిడ్డ పోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద వేసి, మరొకరి చేత ఎత్తించే ఆచారం ఉంది. పారేసిన బిడ్డంటే మృత్యువు కూడా చిన్నచూపు చూసి వెళ్లిపోతుందని నమ్మకం. పురిటి స్నానం కాగానే ఎల్లవ్వ మనుమరాలిని చాటలో పడుకోబెట్టి వాడ చివర కుప్ప మీద పెట్టింది. ఫిలోమినా టీచర్ వచ్చి ఎత్తుకుంది. ఆమెకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు, అయినా వచ్చింది. "నాకు దొరికింది, పెంచుకోండ్రి," అని తెచ్చి సరోజన చేతికిచ్చింది. పేరు పెంటమ్మ. తన పిల్లల పాత గౌన్లు కూడా టీచరే ఇచ్చింది, దొరికిన బిడ్డకు కన్నతల్లి బట్టలు కుట్టకూడదు కదా.

ఎల్లవ్వ కోడలికి గట్టిగా చెప్పింది. "ఎవలడిగినా టీచరమ్మ బిడ్డ అను. నా బిడ్డ అని ఎన్నడనకు. ఒక ఏడాది దాటాలె."

ఇక్కడే ఎల్లవ్వ లెక్క తప్పింది. మామూలు తల్లులు ఆ మాట పైకి అంటారు, లోపల మాత్రం నా తల్లీ, నా బంగారం అనుకుంటూ ఉంటారు. నాటకం అని అందరికీ తెలుసు, ఒక్క మృత్యువుకు తప్ప. సరోజనకు నాటకం ఆడే అవసరమే లేకపోయింది. ఆమె లోపల కూడా టీచరమ్మ బిడ్డే.

"పాలిస్తది. నీళ్లు పోస్తది. ఎత్తుకుంటది," అని ఓదెలు అన్నం కలుపుతూ చెప్పాడు. "అంత జేసి, నిద్రబోంగనే మా అవ్వ చేతుల పెడ్తది. టీచరమ్మ బిడ్డ పన్నది, సూడుండ్రి అంటది. పిల్ల నవ్వుతుంటే సూడదు."

"మందలియ్యరాదు?" అన్నాడు పక్కన కూర్చున్నవాడు.

"ఏమని మందలియ్యాలె? చెప్పినట్టే జేస్తుంది."

తన ఉపాయానికి ఎల్లవ్వే ముందు భయపడింది. పిల్ల పాకడం మొదలుపెట్టేసరికి కోడలిని బతిమాలడం మొదలుపెట్టింది. ఇక చాలు బిడ్డా, నీ బిడ్డే, ఎత్తుకుని ముద్దాడు, ఒక గౌను కుట్టు, చలికాలం వచ్చింది, ఏదన్నా అల్లు అని. ఒకప్పుడు అల్లొద్దన్న నోరే అది. సరోజన నిదానంగా ఒకే జవాబు చెప్పేదట. "నువ్వే గాదంటివి గదత్తా." అందులో కోపం కూడా లేదట. కోపం ఉంటే బాగుండునని ఓదెలు అన్నాడు.

ఆ చలికాలంలోనే బాయి మూతపడింది. కింద బొగ్గు అయిపోయింది, మనుషులను వేరే బాయికి పంపారు. అందరూ ఇనుప పెట్టెలు ఖాళీ చేశారు. ఓదెలు కూడా తన బూట్లు, తువ్వాలు, డబ్బా, నన్ను ఒక గోనెసంచిలో వేసుకుని ఇంటికొచ్చి, సంచిని వాకిట్లో పడేసి, తిన్నగా వెళ్లి పడుకున్నాడు. మరచిపోయాడో, మరచిపోవాలనుకున్నాడో నేను చెప్పలేను.

ఉతకడానికి సంచి దులిపింది సరోజన. డబ్బాకు చుట్టి ఉన్న నల్లటి గుడ్డను విప్పింది. నల్లగా ఉన్నా, ఒంటి చేతిని ఎవరు గుర్తుపట్టరు? నన్ను పట్టుకుని లోపలికి వెళ్లి మొగుడిని తట్టి లేపింది.

"ఇది వాగుల ఏసినంటివి."

ఓదెలు లేచి కూర్చున్నాడు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు.

"ఏయలే."

"మరి?"

"డబ్బకు సుట్టుకుంటున్న. బువ్వ సల్లారకుంట."

"బాయిల ఉక్కబోస్తదంటవు గద."

అతను నా ఒక్క చేతిని అందుకుని, "పారెయ్య చేతగాలే సరోజనా," అన్నాడు.

ఆమె ఏడవలేదు. నన్ను బకెట్లో వేసి ఉతికింది. నీళ్లు నల్లగా వచ్చాయి, పారబోసింది, మళ్లీ ఉతికింది. నీళ్లు తేటపడేదాకా వదల్లేదు. తీగ మీద ఆరేసి, దాని కిందే పీట వేసుకుని కూర్చుంది. ఎల్లవ్వ అక్కడే ఎండలో పెంటమ్మను కూర్చోబెట్టుకుని ఉంది. పిల్ల ఒంటిమీద టీచర్ కొడుకు పాత చొక్కా, మోకాళ్ల దాకా వేలాడుతూ. నన్ను చూసిన ఎల్లవ్వ పిల్లను ఒడిలోకి లాక్కుంది.

నేను ఆరాక సరోజన పాత పెట్టె అడుగు నుంచి సూదులు తీసింది. ఎల్లవ్వ ఉండబట్టలేక అడిగింది.

"ఆ చెయ్యి అల్లుతవా బిడ్డా?"

"లేదత్తా. విప్పుత."

చెప్పాను కదా, నాకు నొప్పి తెలియదు. ముందు గుండీలు పోయాయి, తర్వాత నా ఒక్క చెయ్యి. పక్క కుట్లు తెంపి, మెడ దగ్గర కొస పట్టుకుని ఆమె లాగడం మొదలుపెట్టింది. వరుస వెంట వరుస గిర్రున ఊడిపోయింది. ఊడిన ఊలు ఇంకా వంకులు వంకులుగానే ఉంది, ఇన్నాళ్లూ ఉన్న రూపాన్ని వదలలేక. సగం దాకా వచ్చాక ఆమె చేతులు ఆగాయి. అప్పుడు వచ్చింది ఏడుపు, అప్పటిదాకా రానిదంతా. ఏడుస్తూనే లాగింది. ఎల్లవ్వ పిల్లను చంకన వేసుకుని దగ్గరకు వచ్చింది.

"పోయినోనిది బిడ్డా అది. గట్లనే ఉండనియ్యరాదు? దీనికి ఏరే ఊలు తెద్దం."

"ఇది దీనికి వట్టదత్తా," అంది సరోజన, కొంగుతో ముక్కు తుడుచుకుని. "ఈ అంగీకంటె పెద్దగైంది నా బిడ్డ."

ఎల్లవ్వ ఉలిక్కిపడింది. అటూ ఇటూ చూసి, పిల్ల తల మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగ అనే. ఏడాది గాలే. ఎవలన్న ఇంటరు."

సరోజన తల ఎత్తింది. చేతులు చాచి పిల్లను అందుకుని, ఊలు మధ్యన తన ఒడిలో కూర్చోబెట్టుకుంది.

"ఇంటె ఇననియ్. నా బిడ్డే."

కింది అంచు దగ్గర ఇంకా కొన్ని వరుసలున్నాను. ఆమె పిల్లను సర్దుకుని, కొస వెతుక్కుని, మళ్లీ లాగుతోంది.