అద్దంలోంచి వీచిన గాలి

సుందుస్ ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పని సంగతి ఒకటుంది. మూడేళ్ళ కిందట ఫదీలా నాట్యబృందంలో చేరదామని పరీక్షకు వెళ్ళిన రోజున ఆమె మోకాలు నిక్షేపంలా ఉంది. గుమ్మంలో నిలబడి, లోపల ఎగురుతున్నవాళ్ళను చూసేసరికి కాళ్ళు చల్లబడ్డాయి, అంతే. "మోకాలు పట్టేసిందండీ" అని చెప్పి, ఊరికే తిరిగిపోవడం బాగుండదని, మెడలో వేలాడుతున్న మామయ్య పాత కెమెరా చూపించి, "పోనీ ఫోటోలు తియ్యనా?" అంది.

"తియ్యి" అంది ఫదీలా.

అలా ఫోటోగ్రాఫర్ అయింది. మనుషులెదురైతే ఇప్పటికీ కాస్త కుంటుతుంది. ఒక్కోసారి ఏ కాలో మరిచిపోయి రెండోది కుంటుతుంది.

ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. స్నానాలగదిలో ఎర్ర బల్బు పెట్టుకుని ఫోటోలు కడుక్కుంటుంది, పొద్దున్నే మేడ మీద దండేనికి తగిలిస్తుంది. తడి ఆరేదాకా వాటిలోంచి గాలి వస్తుంది. బృందంలోని షాకిర్ గిరగిరా తిరిగే ఫోటో అయితే సుడిగాలి, యుస్రా చేతులు చాచి ఎగిరే ఫోటో అయితే హాయిగా ఒళ్ళంతా తాకే గాలి. హల్ఫావిన్ వీధిలో ఇది కొత్త సంగతేం కాదు. ఫోటోలు ఎవరి మేడ వైపు తిప్పి కట్టాలన్న దగ్గరే పేచీలన్నీ.

ఆగస్టు నెలాఖరైతే మరీను. ఏడాదికి సరిపడా కుస్‌కుస్ కోసం ఇంటింటా ఆడవాళ్ళు గోధుమరవ్వను చేత్తో నలిపి, గింజ కట్టి, మేడల మీద తెల్ల దుప్పట్లు పరిచి ఆరబోసుకునే రోజులవి. పక్కింటి వసీలా పిన్ని మేడకూ వీళ్ళ మేడకూ మధ్య మోకాలెత్తు గోడే.

ఆ శుక్రవారం పొద్దున సుందుస్ ఇంకా పైమెట్టు ఎక్కకుండానే పిన్ని అందుకుంది.

"ఏమే, నిన్న ఎవర్ని ఆరేశావు? ఒక్క గింజ ఆరితే ఒట్టు."

"నేల మీద పడుకుని చేసే నాట్యం పిన్నీ అది."

"పడుకునేవాళ్ళను ఇంట్లో ఆరేసుకో తల్లీ. నాకు ఎగిరేవాళ్ళు కావాలి. అవునూ, ఇవాళ ఎడమకాలా? నిన్న కుడికాలు కదూ?"

సుందుస్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని ఫోటో దండేనికి తగిలించింది.

అది యుస్రా ఆఖరి గంతు. యుస్రాకు మూడో నెల, బుధవారంతో ఆట మానేసింది. ఆ చోటు ఖాళీ. "మనలో ఎవరైనా కావాలనుకుంటే శుక్రవారం మధ్యాహ్నం నమాజు పిలుపు లోపల నాకు ఫోన్ చెయ్యండి. లేకపోతే సూస్ ఊరి నుంచి ఒకమ్మాయిని రమ్మంటాను" అని సాధన హాలు మధ్య నిలబడి చెప్పింది ఫదీలా. మనలో అంటే ఎవరో సుందుస్‌కు అర్థం కాలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు.

గాలి మొదలైంది. కానీ కింద నుంచి, పక్కవాటుగా వస్తోంది. పిన్ని గోడ దాటి వచ్చి ఫోటో ముందు నిలబడింది. అరచేత్తో యుస్రాను మూసింది. గాలి ఆగలేదు. చేతిని కిందికి జరిపి, మూలన బొటనవేలు పెట్టింది. గాలి ఠక్కున ఆగింది. వేలు తీసింది. పిన్ని తలగుడ్డ ముడి ఊడిపోయి ఎగిరింది.

"ఎవరే ఈ పిల్ల?"

హాల్లో ఒక గోడంతా అద్దం. అది చట్రంలో పడకుండా సుందుస్ ఎప్పుడూ జాగ్రత్తపడేది. యుస్రాను చూస్తూ ఆ రోజు మరిచిపోయింది. అద్దం మూలన వేలెడంత మనిషి, ముఖానికి కెమెరా అడ్డం. జడ నిట్టనిలువుగా లేచి ఉంది. రెండు పాదాలూ నేలకు జానెడు పైన.

"అద్దం పడింది పిన్నీ. పాడైన ఫోటో. చించేస్తా."

"చించావో, చేతులు విరుస్తా. నా గింజ సగం ఆరింది."

సుందుస్ అక్కడే కూలబడింది. మీట నొక్కిన క్షణాన కెమెరాలోంచి చూసే కంటికి అంతా చీకటైపోతుంది. అందుకని మూడేళ్ళలో తను తీసిన ఏ గంతూ తను చూడలేదు, తన గంతు కూడా. "ఆ మసక వెలుతురులో అంత స్పష్టంగా ఎలా తీస్తావే?" అని అందరూ అడిగితే అదృష్టం అనేది. ఎగిరేవాళ్ళతోపాటు కెమెరా కూడా లేస్తుంటే ఫోటో ఎందుకు చెదురుతుంది?

ఇంకొకటి గుర్తొచ్చింది. ప్రతి సాధనలోనూ ఫదీలా చప్పట్లు కొట్టి, "ఏడుగురూ, పైకి" అనేది. ఆడేది ఆరుగురే. ఆవిడకు లెక్క రాదని షాకిర్ చాటుగా నవ్వితే సుందుస్ కూడా నవ్వింది.

పది దాటింది. ఎండకు ఫోటో ఎప్పుడో గలగలలాడేలా ఆరిపోయింది. గాలి మాత్రం తగ్గలేదు. వీధి చివరిదాకా దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. "అటూ ఇటూ తిప్పకండి, అలాగే ఉండనివ్వండి" అని మూడో మేడ మీంచి ఎవరో కేక వేశారు.

"ఆరిపోయినా వీస్తుందేం పిన్నీ? ఎప్పుడూ ఇలా కాలేదు."

వసీలా పిన్ని గింజలు వేళ్ళతో కలియబెడుతూ తల ఎత్తకుండా అంది: "మిగతావాళ్ళు ఎగిరారు, దిగారు. నువ్వింకా దిగలేదుగా."

"నాకు నవ్వొస్తోంది."

"నవ్వు. నవ్వుతూ ఏదో ఒక కాలు మీద సరిగ్గా నిలబడు."

సుందుస్ లేచి నిలబడింది. రెండు కాళ్ళ మీదా. మసీదు పిలుపుకు ఇంకా రెండు గంటలుంది. జేబులోంచి ఫోన్ తీసింది. ముందు మోకాలి సంగతి చెప్పాలి, ఆ తర్వాతే చోటు అడగాలి అనుకుంది. ఫదీలా పేరు మీద వేలు పెట్టింది.