దూది పొర

తవ్వకూడదట. మట్టిని తిరగేస్తే అందులో బతికేవన్నీ చస్తాయట. తడిపిన అట్టలు పరిచి, వాటి మీద కూరగాయల తొక్కులు, ఎండుటాకులు పొరలు పొరలుగా వేసి వదిలేస్తే మిగతా పని వానపాములే చూసుకుంటాయని పుస్తకంలో చదివాను. పెరట్లో మడి అలాగే వేశాను. ఆకులు చాలలేదు. మూడు నెలల క్రితం పోయిన అత్తయ్య పరుపు విప్పి, ఆ దూది కూడా పరిచాను.

"పెరడు బాగుచేస్తున్నావా, ఇల్లు ఖాళీ చేస్తున్నావా?" అన్నారు మావారు.

వారానికి మడి కుంగింది. కుళ్ళే పొరలు కుంగడం మామూలే. ఇది అంతటా కుంగలేదు. భుజం ఆనినట్టు ఒక గుంట, దానికి మూరెడు కింద తుంటి ఆనినట్టు ఇంకొకటి, ముడుచుకున్న మోకాళ్ళ దగ్గర మూడోది. బుట్టెడు ఆకులు పోసి చదును చేశాను. మర్నాటికి మళ్ళీ అవే గుంటలు. అలా ఐదు రోజులు పోశాను.

మంచాన పడ్డాక అత్తయ్య తనంతట తాను ఒత్తిగిల్లలేకపోయేవారు. రెండు గంటలకోసారి నేనే తిప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం తిప్పలేదు. సాయంత్రానికి తుంటి మీద చర్మం కమిలింది. కమిలింది కాస్తా పుండైంది. ఆ పుండే ఆవిడను తీసుకుపోయింది. ఎలా వచ్చిందని అందరూ అడిగారు. "వయసు" అన్నాను.

మావారి అక్క వస్తోందనగానే బుట్ట అందుకున్నాను. ఆవిడ కళ్ళబడేలోగా మడి సాపు కావాలి. మూడో బుట్ట పోస్తుండగానే వచ్చేసింది.

"ఏ కుక్కో పడుకుని ఉంటుంది, దానికింత హైరానా ఏమిటే?" అని నవ్వుతూ మడి దగ్గరికొచ్చి, ఆగిపోయింది.

"అమ్మ ఇలాగే పడుకునేది."

బుట్ట కింద పెట్టాను.

"ఆ రోజు తిప్పలేదు వదినా. నిద్రపోయాను. ఐదు గంటలు. పిలిచే ఉంటారు. నాకు వినబడలేదు."

వదిన చెప్పులు విడిచి, మడికి అవతలి వైపు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఒక్కదానివే ఎలా తిప్పుతావే? తుంటి నువ్వు పట్టుకో. భుజం నేను చూస్తాను."

ఇద్దరం మోచేతుల దాకా చేతులు పెట్టాం. లోపల వెచ్చగా ఉంది. మేం ఎత్తినది ఆకుల బరువు కాదు.