కండ్లు దిద్దిన టాకీసు

గుర్వయ్య గొర్ల మంద మొత్తం అమ్మి నల్గొండల టాకీసు కడుతాండంటే ఊరంత ముక్కు మీద వేలేసుకున్నది. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిల ముచ్చట. పెండ్లాం సుక్కమ్మ మాత్రం నోరే మూసుకున్నది. ఆమె పుట్టింటోళ్లిచ్చిన గొర్లు గూడ ఆ మందలనే ఉండె మరి. "నన్నొక్క మాట అడిగినవా?" అని ఒక్కటే అన్నది. గప్పటి సంది మొగనితోని మాట బందు. బువ్వ పెడుతది, తానానికి నీళ్లు తోడుతది, మాట్లాడదు. తిట్టినా బాగుండు అనిపించేది గుర్వయ్యకు.

"టాకీసు జూసి దాని కండ్లు జిగేల్మనాలె, నోరు దానంతటదే తెరుచుకుంటది" అనుకున్నడు పిచ్చి మారాజు.

ఇగ జూడు సోకులు! ముంగటి నుంచి చూస్తే నవాబు మహలు, ఎనక నుంచి చూస్తే గొర్ల దొడ్డి. గోడలకు నీలం రంగు, బాల్కనీకి గచ్చు తామరపూలు, తెర ముందు ఎర్ర మఖ్మల్ పరదా. పట్నంల ఏదో టాకీసుల తెరకు అటొక ఆడబొమ్మ, ఇటొక ఆడబొమ్మ ఉన్నయని, అసుంటివే కావాల్నని ఐలేశాన్ని పిలిచిండు. ఐలేశం ఊరూరా పోచమ్మ, ఎల్లమ్మ బొమ్మలు చేసేటోడు. నడుములు సన్నగనే తీసిండు గని, చెయ్యికి అలవాటైంది ఒక్కటే మొహమాయె. పసుపు చెంపలు, నొసట రూపాయంత బొట్టు.

"గుర్వన్నా, కండ్లు మాత్రం దిద్దద్దు" అన్నడు ఐలేశం. "కండ్లు దిద్దితే పానమొస్తది. పానమొస్తే ఊకుంటదా, బలికి యాటనడుగుతది."

"గుడ్డిదాన్ని నిలబెట్టి నా ఇజ్జత్ తీస్తవారా? దిద్దు!"

దిద్దిండు. గుండ్రంగ, తెల్లగ, గుడ్లురిమినట్టు.

మొదటి ఆట నాడు ఆడోళ్లు లోపలికొచ్చి, ఆ కండ్లు జూసి, చెప్పులు బయట ఇడిసిండ్రు. కుర్చీ టికెట్టోళ్లు గూడ "అమ్మోరి ముంగట కాళ్లు జాపుతమా?" అని దిగొచ్చి నేల మీద కూసున్నరు. ఓ ముసలమ్మ కొత్త సిమెంటు మెట్టు మీద కొబ్బరికాయ కొట్టింది. మెట్టు పెచ్చు లేసింది.

"ఓరి నాయినో, గిది టాకీసా, గుడా!" అని గుర్వయ్య నెత్తి కొట్టుకున్నడు.

సినిమా మొదలైంది. జాతర పాటొచ్చి డోళ్లు దంచుడు షురువు కాంగనే, ఆడోళ్ల దిక్కు నుంచి ఒకామె జుట్టు ఇరబోసుకొని లేచింది. ఎవలనుకున్నరు? సుక్కమ్మ!

"ఒరేయ్ గుర్వా! నా గొర్లేవిరా? ఎవలనడిగి అమ్మినవురా, మొద్దు మొకపోడా? గోడలకు మఖ్మల్ తొడిగినవు, ఇంట్ల ఆడదాని మాటకు ఇలువియ్యవారా?"

మిషను ఆగింది. అమ్మోరు పూనిందని జనమంత దండం బెట్టిండ్రు. "మొక్కు గుర్వయ్యా, తప్పైందను!" అని ఎనక నుంచి నూకిండ్రు. అంతమందిల ఇజ్జత్ పోతాంది. గని గుర్వయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఎన్నాళ్లకు ఇన్నడు ఆ గొంతు! తిట్లయితేంది, చెవులు సల్లబడ్డయి.

"తప్పైంది తల్లీ. అడగకుంట అమ్మిన. మల్ల మంద పెడుత. టాకీసు ఎనకనే దొడ్డి కడుత."

సుక్కమ్మ ఇంత నిమ్మళమైంది. జుట్టు ముడేసుకొని, చెంగుతోని మొకం తుడుసుకొని, "మిషను ఆగిందేంది? నడువనియ్యుండ్రి" అని కూసున్నది.

తెల్లారి ఐలేశం ఆ కండ్లు మాపుతనని సున్నం బుర్ర తెచ్చిండు. గుర్వయ్య రెండు చేతులు అడ్డం బెట్టిండు. "వద్దురా. ఆ బొమ్మల కండ్లు మూస్తే నా ఇంట్ల నోరు మల్ల మూతబడ్తది."

ఇంటికి పోయి, ఆకిలి ఊడుస్తున్న పెండ్లాం దగ్గర నిలబడ్డడు. "అవునే సుక్కీ, నిన్న నిజంగనే అమ్మోరు పూనిందా?"

సుక్కమ్మ చీపురు ఆపలే. "కండ్లు దిద్దిచ్చింది నువ్వు, పోయి దాన్నే అడుగు." ఇంత సేపు ఊడ్చి, మల్ల అన్నది: "గొర్ల సంతకు ఎన్నడు పోతవు? శుక్రారం కొత్త సినిమా పడుతదంట గద. నేను గూడ వస్త."

గుర్వయ్య గా పూటనే నెత్తికి రుమాలు సుట్టి సంత దారి పట్టిండు.