ఫ్లోరెన్స్‌కి తగ్గలేదు

జ్ఞానదాసు ప్రార్థన చేస్తే జ్వరాలు దిగిపోతాయని మల్కాపురంలో పేరు. పోర్టులో ముప్ఫై రెండేళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషి, చర్చి సంఘంలో పెద్ద. ఎవరు మంచం పట్టినా ముందు కబురు ఆయనకే వెళ్ళేది. ఆయన గొంతెత్తితే మెయిన్ రోడ్డు మీద ఆటోవాళ్ళకి కూడా వినబడేది. తగ్గినవాళ్ళు ఆదివారం మందిరంలో లేచి, ఆయన ప్రార్థనతోనే తగ్గిందని సాక్ష్యం చెప్పేవాళ్ళు. తగ్గనివాళ్ళ గురించి ఆయన పెద్దగా ఆలోచించేవాడు కాదు.

ఒకరోజు ఆయన భార్య ఫ్లోరెన్స్ చేతిలోంచి టీ గ్లాసు జారింది. తర్వాత కాలు ఈడ్చి నడవడం మొదలైంది. ఆరు నెలలు తిరిగేసరికి మంచంలో పడింది. నరాలు ఒక్కొక్కటీ చచ్చుబడిపోతున్నాయనీ, దీనికి మందు లేదనీ డాక్టరు చెప్పాడు. "ఎన్నాళ్ళండీ?" అని జ్ఞానదాసు అడిగితే, బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపి, "ఇంట్లో బాగా చూసుకోండి" అన్నాడు.

జ్ఞానదాసు నలభై రోజుల ఉపవాసం పట్టాడు. రోజూ ఆమె నుదుటికి నూనె రాసి, "లే! లేచి నడువు!" అని గద్దించేవాడు. ఆమె నిజంగానే లేవబోయేది. మెడ నరాలు ఉబ్బేవి గానీ నడుం కదిలేది కాదు. ముప్ఫై ఎనిమిదో రోజున ఫ్లోరెన్స్ ముద్దముద్దగా అంది, "ఏవండీ, ఇంక నన్ను లెమ్మనకండి. లేవలేకపోతే నాదే తప్పులాగుంటాది. తల దురదెడతంది. కాసిని నీళ్ళోత్తారా?"

ఆయనకి తలంటడం చేతకాలేదు. ఓడలో కంటైనరుని గీత తప్పకుండా దించిన చేతులు ఆమె మెడని నిలబెట్టలేకపోయాయి. నీళ్ళు ముక్కులోకి పోయి ఆమెకి పొలమారింది. ఎలాగో ఆమెని పక్కకి ఒరిగించి, హడలిపోయి వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టాడు.

ఎదురిల్లు రోజలిన్‌ది. నాలుగేళ్ళ క్రితం ఆమె ఏడేళ్ళ కూతురు డెంగీతో పోయింది. ఆ పిల్ల మంచం దగ్గర జ్ఞానదాసు మూడు రోజులు ప్రార్థన చేశాడు. సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక అందరి ముందూ, "విశ్వాసం నిండుగా ఉంటే పిల్ల దక్కేదమ్మా" అన్నాడు. తను మంచి మాటే చెప్పానని ఆ రోజు ఆయన అనుకున్నాడు. రోజలిన్ మళ్ళీ మందిరానికి రాలేదు, ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు మాత్రం చేస్తున్న పని వదిలేసి వచ్చింది. ఫ్లోరెన్స్ తలని మోచేతి మీద ఆనించుకుని, "ఇలాగ మొహం మీద పోత్తారేటండి? దుప్పటి మడతెట్టి ఈపు కింద ఎట్టండి" అంది. మర్నాడు పిలవకుండానే వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది.

రెండు వారాలకి, చెంబుతో నీళ్ళు పోస్తూ జ్ఞానదాసు నోరు విప్పాడు. "రోజలిన్, ఆ రోజు నానన్న మాట తప్పమ్మా. తెలీక అన్నాను. నన్ను క్షమించు."

సబ్బు రుద్దుతున్న ఆమె చెయ్యి ఆగింది. "మీరు మర్సిపోయారనుకున్నాను పెద్దయ్యగారూ. నా ఇస్వాసం ఎక్కడ తక్కువైపోయిందో అని నాలుగేళ్ళు ఎతుక్కున్నాను. అన్నం తింతన్నా అదే, బస్సులో ఎల్తన్నా అదే."

"మరెందుకు వత్తన్నావమ్మా మా ఇంటికి?"

"మీరు ప్రార్థన సేత్తన్నంతసేపూ ఆంటీ మా పిల్ల కాళ్ళు ఒత్తింది. అందుకూ." ఫ్లోరెన్స్ చెవి వెనక నురగ తుడిచి అంది, "క్షమించానని ఇప్పుడు సెప్పలేనండి. అబద్ధమైపోద్ది. నీళ్ళు సల్లారిపోతన్నాయి, పొయ్యండి."

ఆయన పోశాడు. ఫ్లోరెన్స్ కళ్ళు మూసుకుని ఉంది. అన్నీ వింటోందని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం పాస్టరుగారు సాక్ష్యం చెప్పమని ఆయన చేతికి మైకు ఇచ్చారు. ఎప్పుడూ అరగంటకి తక్కువ మాట్లాడని మనిషి ఆ రోజు నాలుగు ముక్కలే అన్నాడు.

"ఫ్లోరెన్స్‌కి తగ్గలేదు. నానెంత అరిసినా తగ్గలేదు. మీలో ఎవరికైనా నాను, నీ విశ్వాసం సాల్లేదు అని సెప్పుంటే, అది నా మాటే, దేవుడి మాట కాదు. నాకింకేటీ తెలీదు."

అలవాటుకొద్దీ ఎవరో ఆమేన్ అన్నారు. జ్ఞానదాసు చివరి వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఏదో పెద్ద బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఇంటికెళ్ళేసరికి ఫ్లోరెన్స్‌కి గంజి కూడా దిగడం లేదు.

క్రిస్మస్ ఇంకా మూడు వారాలుందనగా ఆమె వెళ్ళిపోయింది. అప్పుడు ఒక పక్క రోజలిన్, ఒక పక్క ఆయన ఉన్నారు. ఆయనకి ఒక్క ప్రార్థన కూడా నోటికి రాలేదు. "ప్రభువా, ప్రభువా" అని మాత్రం అనగలిగాడు.

కొత్త సంవత్సరంలో వెనక వీధి గంగాలమ్మ కబురు పెట్టింది. భర్త పోలిరాజుకి లివరు పాడైపోయిందట. వెళ్ళడానికి జ్ఞానదాసు రెండు రోజులు తటపటాయించాడు. చివరికి వెళ్తే ఆమె ఎదురొచ్చి, "మీ నోటితో తగ్గిపోద్దని ఒక్క మాట అనండి బాబూ" అంది.

"దేవుణ్ణి అడుగుతానమ్మా. తగ్గుద్దో లేదో నాకు తెలీదు."

ఆమె మొహం వాడిపోయింది. ఆమె పిలిపించింది ఈ మాట కోసం కాదు. ఆయన దగ్గర ఇంకో మాట లేదు. పోలిరాజు మంచం పక్కన చాప మీద కూర్చుని, సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు.