మలాకా జలసంధిలో మన్ను రుచి

మాఘమాస ప్రాతఃకాలమున అరుణకిరణరంజితమైన సాగరము నిశ్చలముగా నుండ ఎడమవైపున మలయభూమి తాళవనములును కుడివైపున సుమత్రాయను సువర్ణద్వీపపు మేఘావృత గిరిశిఖరములును ఒండొంటిని సమీపించుచు నడుమనున్న జలమార్గమును అంతకంతకు ఇఱుకు చేయుచుండెను. చీనాపట్టు పడమటికి రావలెనన్నను కోరంగి అద్దకపు వస్త్రములు తూర్పునకు పోవలెనన్నను ఈ మలాకా జలసంధియే దారి. గాలి మాఱువఱకు నానాదేశముల ఓడలును ఇచ్చటనే నెలలకొలది కాచియుండవలయును. అడుగున ఇసుకతిప్పలు ఏటేట చోటు మార్చుకొనుచుండుటచే ఎందఱో నావికులు ఇచ్చటనే మునిగిరి.

ఆ దారిని ముప్పదిరెండుమాఱులు దాటిన వృద్ధుడు, నావికుల పెద్దయగు తండేలు సంగాని అమ్మోరయ్య, కోరంగి రేవునుండి తూర్పునకు పోవు ఓడ ముందుకొనను కూర్చుండెను. కన్నులకు పొరలు కమ్మి తీరము కానరాకున్నను అతడు దానిని లెక్కచేయువాడు కాడు. అడుగున క్రొవ్వు పూసిన సీసపుగుండును త్రాటితో సముద్రమున దింపి పైకి లాగి దానికంటిన మన్నును నాలుకపై వేసికొని ఓడ యెచ్చటనున్నదియు చెప్పుట వారి వంశవిద్య. అయినను ఓడ యజమాని గ్రంథి కామరాజు శ్రేష్ఠి గ్రుడ్డివానిని నమ్ముటెట్లని శంకించి పటము చూచి దారి చెప్పెడి మాలిమిగా సన్యాసయ్య యనువానిని క్రొత్తగా నియమించి అమ్మోరయ్యను మలాకారేవున దింపివేయ నిశ్చయించెను. ఆ సంగతి ముసలివాడెఱుగును.

సన్యాసయ్య పటము పఱచి "ఇక్కడ పది బారల లోతుందండి. తిన్నగా పోనిద్దాం" అనెను.

అప్పుడే పైకివచ్చిన మన్నును నమలుచున్న అమ్మోరయ్య చెయ్యెత్తెను. "ఆగండి శెట్టిగారూ! నిన్నటిదాకా జిగటమన్నే. ఇప్పుడు పళ్ల కింద గుల్లముక్కలు కరకరమంటన్నాయి. ముందర తిప్పుంది. ఓడని ఎడమకి మళ్లించండి. నా మాట అబద్ధమైతే మలాకా దాకా ఎందుకు, ఇక్కడే దింపేయండి నన్ను!"

సర్వస్వమును ఆ ఓడలోనే యుండుటచే శ్రేష్ఠి పటమువంకను ముసలివానివంకను మార్చిమార్చి చూచెను. తుదకు తన తండ్రి ఓడలను ముప్పదియేండ్లు గట్టెక్కించిన ఆ కంఠమునకు తలయొగ్గి చుక్కానిని ఎడమకు త్రిప్పించెను.

రెండు గడియలైన పిమ్మట సముద్రపుపాటు తగిలి నీరు తీయగా వారు విడిచిన దారిలో తాబేటివీపువంటి ఇసుకతిప్ప వెలికివచ్చెను. శ్రేష్ఠి తన పట్టుత్తరీయము తీసి అమ్మోరయ్య భుజములపై కప్పెను. అమ్మోరయ్య వలదనలేదు. అది తనకు తగునని యతడెఱుగును.

సన్యాసయ్య పటమును చుట్టి చంకనిడుకొని యతని యెదుట చతికిలబడి అరచేయి చాచెను. "మావా, కాసింత నా చేతిలోనూ వెయ్యి."

"నమలు. ఉమ్మేశావంటే ఊరుకోను" అని అమ్మోరయ్య గుండుకంటిన ఇసుకను గీఱి అతని చేత బెట్టి తలయెత్తి కూర్చుండెను. సముద్రము తన యడుగును మార్చుకొనుచున్నంతకాలము కోరంగివారి నాలుకకు పనియుండును.