వద్దన్న మొక్కు

పసుపు పూసి, మెడలో బంతిపూల దండ వేసిన పొట్టేలును చర్చి గేటులోంచి లోపలికి లాక్కొచ్చింది నాగరత్న. వెనకే పదేళ్ల కూతురు వినుత, పొట్టేలును తోస్తూ. ఆదివారం ఆరాధన అప్పుడే ముగిసింది. బైటికి వస్తున్న జనం మెట్లమీదే ఆగిపోయారు.

రెండు నెలల కిందట వినుతకు డెంగీ వచ్చింది. బంగారుపేట పక్క పల్లె నుంచి కేజీఎఫ్ ఆసుపత్రికి తెచ్చేసరికే పిల్ల కళ్లు తేలేసింది. నర్సు సలోమి మంచం పక్కన నిలబడి వాళ్ల దేవుణ్ణి వేడుకుంది. నాగరత్న తన దేవుళ్లందరికీ అప్పటికే మొక్కి ఉంది. ఈ దేవుణ్ణి మాత్రం ఎందుకు వదలాలని, బిడ్డ బతికితే పొట్టేలును కోస్తానని ఆయనకూ మొక్కింది. పిల్ల బతికింది. మిగతా మొక్కులన్నీ తీర్చేసింది. ఇదొక్కటే మిగిలిపోయింది. పిల్ల తుమ్మినా, అన్నం వద్దన్నా, ఆయనే గుర్తు చేస్తున్నాడని నాగరత్న గుండె గుభేలుమనేది.

"యాడ కొయ్యాల సామీ? కత్తి కూడా తెచ్చినాను" అంది పాస్టరుతో.

పాస్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇక్కడ కొయ్యరమ్మా. మా దేవునికి బలి అక్కర్లేదు. ఇంటికి తోలుకొని పో."

నాగరత్న పొట్టేలును ఇంకో అడుగు ముందుకు లాగింది. ఆ దేవుడు మొక్కు వద్దన్నాడంటే బిడ్డను బతకనివ్వనన్నట్టే కదా! "బక్కగా ఉండాదా సామీ? ఇంగొకటి తెస్తాను. కోపం మాత్రం వద్దని చెప్పండి ఆయనకి."

"అయ్యగారు వద్దంటే మాకియ్యక్కా, బిరియానీ చేసుకుంటాం" అన్నాడు మెట్లమీది వాడొకడు. పక్కవాళ్లు నవ్వారు.

జనంలోంచి సలోమి గబగబా వచ్చింది. "నోరు మూసుకోరా! అక్కా, కోపం గీపం ఏమీ లేదు. ఆ బలి ఎప్పుడో అయిపోయింది. ఇంగ ఎవురూ ఏమీ కొయ్యబల్లేదు."

"అయిపోయిందా? ఎవురిచ్చినారు?"

"దేవుడే. తన కొడుకునే ఇచ్చినాడు."

"ఎంతమంది ఆయనకి కొడుకులు?"

"ఒక్కడే అక్కా."

నాగరత్న చేతిలోంచి తాడు జారిపోయింది. "ఒక్కడ్నే! ఉన్న ఒక్కడ్నే చంపుకున్నాడా?"

"కొడుకు కూడా ఇష్టపడే పోయినాడమ్మా. బలవంతం లేదు" అన్నాడు పాస్టరు. "దేవుని మహిమ అంటే మాకు అదే. సింహాసనం మీద కాదు, ఆ సిలువ మీదే కనబడింది."

నాగరత్న తలుపులోంచి లోపలికి చూసింది. గోడకు రెండు కట్టెలు అడ్డంగా, నిలువుగా. దేవుని మహిమంటే దీపాలూ బంగారు కిరీటమూ అనుకుంది ఇన్నాళ్లూ. వినుతను గబుక్కున లాగి తన వెనక్కి నెట్టుకుంది.

"కన్నబిడ్డనే ఇచ్చినోడు, రేపు నా బిడ్డను అడగడని ఏం నమ్మకం సామీ?"

పాస్టరు సలోమి వైపు చూశాడు.

సలోమి ఆమె భుజం పట్టుకుంది. "నీ బిడ్డను అడక్కుండా ఉండేదానికే అక్కా, తన బిడ్డను ఇచ్చినాడు."

నాగరత్న మళ్లీ ఆ కట్టెలవైపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "నొప్పి పుట్టిందా ఆ బిడ్డకి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ తనను అడగలేదని పాస్టరు ముఖం చూస్తేనే తెలుస్తోంది. "పుట్టిందమ్మా. గట్టిగా అరిచినాడు."

"వాళ్లమ్మ?"

"అక్కడే నిలబడి ఉండింది."

నాగరత్న మెట్టుమీద కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తనకేమీ కాని ఆ తల్లి కోసం ఏడుపు ఆగలేదు. ఆసుపత్రిలో కూడా ఇంతగా ఏడవలేదు.

"అయితే ఇంగ నేనిచ్చేది ఏమీ లేదా?"

"లేదక్కా."

ఇవ్వడానికి పొట్టేలున్నప్పుడే ధైర్యంగా ఉంది. ఏమీ అక్కర్లేదంటేనే భయమేసింది. అయినా లేచి తాడు అందుకుంది. గేటు దాటేలోపల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, మనసు మార్చుకుని పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు.

రోడ్డుమీదికి వచ్చాక వినుత నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది. పదడుగులు నడిచి, మళ్లీ వేసి చూసింది.